మూడో మైకు

గోడ గడియారంలో ఎర్రముల్లు పదకొండు గీతలు దాటేసరికి యెహెజ్కేలు ఊపిరి అయిపోయింది. క్లారినెట్టు కొసన స్వరం కాస్త వణికి, పలచబడి, ఆగిపోయింది. నిన్న పన్నెండు వచ్చాయి. పోయిన ఏడాది ఇవే రోజుల్లో ముప్ఫై పైచిలుకు వచ్చేవేమో. అప్పట్లో నిజానికి లెక్కే లేదు. ఊపిరిని లెక్కపెట్టుకోవడం ఆర్నెల్ల కిందట మొదలైన అలవాటు. పళ్ళు తోముకున్నాక, కాఫీకి ముందు.

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఎంత చిన్నగా దగ్గాలో కూడా నేర్చుకున్నాడు. వంటింట్లో రోటి చప్పుడు ఆగింది. ఆగిందంటే సంపూర్ణమ్మ వింటోందన్నమాట.

"ఏంటండీ, అప్పుడే ఆపేశారు?"

"రీడు బాగోలేదు."

రోటి చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో జరిగే ప్రతి లోపానికీ ఆ రీడే బాధ్యత వహిస్తోంది. రీడంటే వేలెడు పొడుగు లేని రెల్లుబద్ద. క్లారినెట్టు మూతికి బిగించి ఊదితే అదే వణికి పలుకుతుంది. అందరి పాటలూ పలుకుతుంది గానీ, పాపం, తన తరఫున ఒక్క ముక్క చెప్పుకోలేదు.

యెహెజ్కేలుకి యాభై మూడేళ్ళు. కొవ్వూరు శివార్లలో ఒక రైసుమిల్లులో బస్తాల దగ్గర పని. ఊకదుమ్ములో నిలబడి తూకం చూడడం, బస్తా మూతి కుట్టించడం, పక్కకి తోయించడం. ఇరవై ఆరేళ్ళుగా ఇంతే. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉంటాడు. ఎంత కడుక్కున్నా కనుబొమల మీద పల్చగా తవుడు కనిపిస్తూనే ఉంటుంది. కుడిచేతి బొటనవేలి కణుపు మీద కాయ కాసింది. క్లారినెట్టు బరువంతా మోసేది ఆ కణుపే.

మిల్లులో అతన్ని "ఏవోయ్" అంటారు. పేరు పొడుగని కొందరు, తెలియక కొందరు. ముహూర్తాల రోజుల్లో ఎర్రకోటు తొడుక్కుని గంగరాజు బ్యాండు ముందువరసలో నిలబడ్డప్పుడు మాత్రం, అదే మిల్లు గుమాస్తా పందిట్లో ఎదురొచ్చి, "మాస్టారూ, ఆ పాట ఒక్కసారి" అని వంగి అడుగుతాడు. ఏడాదికి నలభై రోజులు మాస్టారు, మిగిలిన మూడొందల పాతిక రోజులు ఏవోయ్. ఆ నలభై కోసం మిగతావి గడపడం అతనికి ఎప్పుడూ కష్టమనిపించలేదు.

బ్యాండులో క్లారినెట్టు అంటే పాడేవాడి గొంతు. పాట మాటలన్నీ లోపల పాడుకుంటూ ఊదాలి. పాడేవాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో అక్కడే తీయాలి. మాట మధ్యలో తీస్తే మాట విరిగిపోతుంది. యెహెజ్కేలు ఊదితే పాటలో మాటలు వినపడతాయని గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పేరుంది. ఆర్నెల్లుగా మాటలు విరుగుతున్నాయి. ఊరేగింపుల్లో డ్రమ్ముల మోతలో ఎవరూ పట్టించుకోలేదు. విరిగిన చోటికల్లా గంగరాజు ట్రంపెట్టు పరిగెత్తుకొచ్చి కప్పేసింది. రాజమండ్రి డాక్టరు ముందు మాత్రం ఏ ట్రంపెట్టూ అడ్డం రాలేదు. ఆయన ఛాతీ ఫోటోని వెలుతురుకి ఎత్తి చూసి, మిల్లు మానాలి, ఊదడమూ మానాలి, రెండోది ముందు మానాలి అన్నాడు. ఇలాగే ఊదితే ఏదో ఒక ఊరేగింపులో కూలిపోతావని కూడా అన్నాడు. యెహెజ్కేలు ఇంటికొచ్చి, గొంతులో పూత అన్నారని చెప్పాడు.

మానేస్తే ఏం మిగులుతుందో అతనికి బాగా తెలుసు. మూడొందల అరవై అయిదు రోజులూ ఏవోయ్.

అందుకే మైకు కొనే పనిని తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు.

తొంభై ఏడో సంవత్సరం, జనవరి ఆఖరు. సామర్లకోట వైపు ఒక ఉత్సవాల కమిటీ శివరాత్రికి తొమ్మిది రోజులు బ్యాండు కావాలంది. మూడు మేళాల వాళ్ళు వెళ్ళి అడిగితే, కమిటీ పెద్దలు ఎవరి మొహమూ నొప్పించకుండా, అందరూ తలో కేసెట్టు పంపండి, విని చెబుతాం అన్నారు. రేపు పొద్దుటి పాసింజరుకి కేసెట్టు వెళ్ళాలి. కేసెట్టు నింపడానికి మైకు కావాలి. బ్యాండుకున్న ఒక్క మైకునీ పోయిన నెల తణుకు దగ్గర ఊరేగింపులో పెళ్ళికొడుకు గుర్రం తొక్కింది. గంగరాజు తొమ్మిదివందలు కవర్లో పెట్టి ఇచ్చి, మూడే మూడు మాటలు చెప్పాడు. ఇంతకి మించకూడదు, బ్యాటరీలు అడగకూడదు, కింద పడినా బతకాలి. అంటే డైనమిక్ మైకే. అంతకన్నా సున్నితమైనవి ఉన్నాయి గానీ, వాటికి బ్యాటరీ కావాలి, ధర కావాలి, గుర్రాలు లేని చోటు కావాలి.

నాలుగో షరతు యెహెజ్కేలు సొంతం. అది ఎవరికీ చెప్పలేదు. మెల్లగా ఊదినా పట్టుకోవాలి. సగం ఊపిరితో తను ఊదితే, మిగతా సగం స్పీకరు డబ్బా ఊదాలి. అలాంటి మైకు దొరికితే ఇంకో రెండు మూడేళ్ళు ముందువరసలోనే నిలబడొచ్చు.

తానూ వస్తానంది సంపూర్ణమ్మ. కుక్కరు గాస్కెట్టు సాగిపోయిందట, కొవ్వూరులో ఆ సైజు లేదట. యెహెజ్కేలు కాదనలేదు. నిజానికి మనిషి తోడు అవసరమే. ఊదేవాడికి తన క్లారినెట్టు పళ్ళలోంచీ దవడ ఎముకలోంచీ వినిపిస్తుంది. బయట ఎలా ఉందో ఇంకొకళ్ళు దూరంగా నిలబడి విని చెప్పాలి.

మైకుల షాపు రాజమండ్రి మెయిన్ రోడ్డులో చీరల కొట్టు పైన, మేడ మీద ఉంది. ఏడో మెట్టు మీద యెహెజ్కేలు ఆగి, గోడకి అంటించిన ప్రకటన చదవడం మొదలుపెట్టాడు. మొలలకు శాశ్వత నివారణ. చిన్న అక్షరాలతో సహా, ఫోను నంబరుతో సహా శ్రద్ధగా చదివాడు. అతని భుజం ఎగిరెగిరి పడుతోంది. సంపూర్ణమ్మ రెండు మెట్ల కింద నిలబడి తనూ చదివింది.

"మనకి లేవు కదండీ," అంది.

"తెలిసినవాళ్ళకి పనికొస్తుంది," అన్నాడు, మాట మాటకీ మధ్య కొంచెం ఎడం ఇచ్చి.

షాపతను మురళీకృష్ణ నలభై ఏళ్ళ మనిషి, ప్రతి మైకునీ ఒకేలా పరీక్షిస్తాడు. మూతి మీద చూపుడువేలితో మూడుసార్లు కొట్టి, "హలో, హలో, చెక్" అంటాడు. పదిహేనేళ్ళుగా ఆ జిల్లాలో పాస్టర్లూ పురోహితులూ పార్టీలవాళ్ళూ ఆ హలో విని డబ్బులిచ్చి వెళ్ళారు. తొమ్మిదివందల లోపు డైనమిక్‌వి మూడు రకాలున్నాయని, మూడింటికీ మూడు హలోలు చెప్పి, ఏది కట్టమంటారు అన్నాడు.

యెహెజ్కేలు సంచిలోంచి క్లారినెట్టు ముక్కలు తీసి ఒకదాన్లో ఒకటి బిగిస్తుంటే మురళీకృష్ణ కాస్త కంగారుపడ్డాడు. కింద చీరల బేరాలు జరుగుతున్నాయండి అన్నాడు. ఇది మాట్లాడే మైకు కాదు, ఊదే మైకు, ఊది చూడకుండా ఎలా అని యెహెజ్కేలు నెమ్మదిగా అడిగాడు. మురళీకృష్ణ ఆలోచించాడు. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగనందుకు అతనికే వింతగా ఉన్నట్టుంది. అయిదే నిమిషాలు, వాల్యూమ్ తగ్గించి, అన్నాడు. స్పీకరు డబ్బాని మెట్ల వైపు తిప్పాడు. సంపూర్ణమ్మ మెట్ల మలుపులోకి దిగి, వాళ్ళకి కనపడకుండా నిలబడింది.

మొదటి మైకు రేకుడబ్బాలో పాడినట్టు పాడింది. దాని సంగతి మెట్ల మీది నుంచి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తేలిపోయింది.

రెండోది బరువుగా, నిగనిగలాడుతూ, గుండ్రటి జాలీతలతో ఉంది. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది ఇదేనన్నాడు మురళీకృష్ణ. గట్టిగా ఊదితే గది నిండింది. మెల్లగా ఊదాడు. మైకు చెవిటిదైపోయింది. స్పీకర్లోంచి ఏదో సణుగుడు మాత్రం వచ్చింది. దీనికి వినపడాలంటే గట్టిగా ఊదాలి. గట్టిగా ఊదాలంటే మైకెందుకు?

మూడోది అరలో వెనక్కి ఉంది. దుమ్ము పట్టి, అట్టపెట్టె పోగొట్టుకుని, తల చదునుగా ఉంది. మాట్లాడ్డానికి పనికిరాదండి, 'ప' అంటే పేలుతుంది, ఒకాయన కొని మర్నాడే తిరిగిచ్చాడు అని చెబుతూనే మురళీకృష్ణ దాన్ని స్టాండుకి తగిలించి, క్లారినెట్టు కింది కొసనున్న గరాటు ముందు పెట్టాడు. "సౌండొచ్చేది ఇక్కణ్ణించే కదండీ."

"అందరూ అలాగే అనుకుంటారు," అన్నాడు యెహెజ్కేలు.

వేళ్ళన్నీ మూసినప్పుడు వచ్చే ఒక్క కిందిస్వరం మాత్రమే గరాటులోంచి వస్తుంది. మిగతా పాటంతా పక్క రంధ్రాల్లోంచి వస్తుంది. వేలు తీసిన చోటల్లా అక్కడే పలుకుతుంది. అతను స్టాండు పైకి లాగి, మైకుని క్లారినెట్టు నడుముకి కొంచెం పైన, జానెడు దూరంలో, వంచి పెట్టాడు. మెల్లగా, ఉఫ్ అని దీపం ఆర్పేంత గాలి కూడా లేకుండా ఊదాడు.

స్పీకర్లోంచి వచ్చింది విని అతని వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. ముప్ఫై ఏళ్ళుగా తన దవడ ఎముకలో మాత్రమే వినపడే క్లారినెట్టు అది. కొంచెం చెక్క, కొంచెం తేనె. ఊరేగింపుల్లో ఎప్పుడూ బయటికి రాలేదు. బయటికి వచ్చేది కేకే. మిల్లూ డాక్టరూ కమిటీ ఏదీ గుర్తు రాలేదు. పల్లవి రెండుసార్లు ఊదాడు. గీతలు లెక్కపెట్టలేదు. మురళీకృష్ణ గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. కింద చీరల బేరం కూడా కాసేపు ఆగినట్టే అనిపించింది.

"ఎలా ఉంది?" అని మెట్ల వైపు అడిగాడు.

యెహెజ్కేలు మలుపు దాకా వచ్చి తొంగిచూశాడు. సంపూర్ణమ్మ గోడకి ఆనుకుని, పైటకొంగు చూపుడువేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ నిలబడి ఉంది.

"రెండోది గట్టిగా ఉంది," అంది చివరికి. తర్వాత ఇంకా కొంచెం ఆగి, "మూడోది మీలా ఉంది. అదే తీసుకోండి."

దుమ్మునీ, లేని అట్టపెట్టెనీ, తిరిగొచ్చిన చరిత్రనీ సంపూర్ణమ్మ ఒక్కొక్కటిగా ఎత్తిచూపిస్తే మురళీకృష్ణ ధర దిగి, టేప్‌రికార్డరుకి పట్టే సన్నపిన్ను కూడా ఊరికే ఇచ్చాడు. తిరుగు బస్సులో యెహెజ్కేలు సంచిని ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ, పెదవులు కదపకుండా ఏదో పాడుకున్నాడు. గాస్కెట్టు కొనలేదన్న సంగతి వంతెన దాటాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చాక కూడా ఆవిడ దాని గురించి బాధపడినట్టు లేదు.

సాయంత్రం నాలుగింటికి గంగరాజు ఇంట్లో రికార్డింగు. గంగరాజుకి నలభై ఆరేళ్ళు, మేళానికి యజమాని, ట్రంపెట్టు అతనిదే. బుగ్గలు ఊది ఊది, ఊదనప్పుడు కూడా ఉబ్బే ఉంటాయి. యెహెజ్కేలుని అన్నయ్యా అంటాడు, మాటవరసకి కాదు. అతనికి ట్రంపెట్టు మీద మొదటి పాట నేర్పింది క్లారినెట్టుతో యెహెజ్కేలే.

వీధిగదిలో మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయని, తలా ఒక దుప్పటి తెచ్చి కట్టమన్నాడు గంగరాజు. సంపూర్ణమ్మ తను కుట్టిన బొంత తెచ్చి తూర్పుగోడకి ఉన్న మేకులకి తగిలించి, బయట అరుగు మీద కూర్చుంది. గదిలో ఆరుగురు మగవాళ్ళూ, రెండు డ్రమ్ములూ, స్టూలు మీద టేప్‌రికార్డరూ. దాని దగ్గర జయపాల్ కూర్చున్నాడు. సైడుడ్రమ్ము వాయిస్తాడు, రేడియో రిపేర్లు చేస్తాడు, కనక ఇవాళ్టికి ఇంజనీరు. కిటికీలు మూశారు. జనవరి అయినా గది ఉడుకెత్తింది.

మొదటి నిమిషమంతా క్లారినెట్టు ఒక్కటే. శివుడి పాట సాకీ. తర్వాత డ్రమ్ములూ ట్రంపెట్టూ అందుకోవాలి. లూథరన్ చర్చి బల్ల మీద సంగీతం నేర్చిన క్లారినెట్టు శివుడి పాట ఎత్తుకోవడంలో ఆ ప్రాంతంలో ఎవరికీ వింత లేదు. యెహెజ్కేలు మైకుని షాపులో పెట్టిన చోటే పెట్టుకున్నాడు. జయపాల్ వేలెత్తాడు. యెహెజ్కేలు సగం ఊపిరితో మొదలుపెట్టాడు. మూడో పాదంలో దేవుడి పేరు మధ్యలో ఊపిరి తీయవలసి వచ్చింది. తీశాడు. ఎవరి మొహమూ మారలేదు.

టేపు వెనక్కి తిప్పి వినిపించారు. క్లారినెట్టు గదిలోకి వచ్చి కూర్చున్నట్టు వచ్చింది. గంగరాజు ఉబ్బిన బుగ్గలు కిందికి దిగి, నోరు కొంచెం తెరుచుకుంది. తొమ్మిది రోజులూ మనవే అన్నట్టు అందరి వంకా చూశాడు.

అప్పుడు ఇంకో శబ్దం వచ్చింది. తడి ఇసుకలో పార దింపినట్టు. పాట ఆగిన ప్రతిచోటా ఒకసారి.

"ఏంటది?" అన్నాడు గంగరాజు.

ఫ్యానన్నారు. ఫ్యాను ఆపేశారు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ విన్నారు. పార మళ్ళీ దిగింది. మంచం కింద కోడిపెట్ట ఉందని ఎవరో కనిపెట్టారు. అది గుడ్ల మీద ఉందని గంగరాజు భార్య లోపల్నించి ఎంత మొత్తుకున్నా గంపతో సహా దొడ్లోకి పంపారు. మళ్ళీ ఊదాడు. పోలేదు. టేప్‌రికార్డరు మోటారే అయ్యుంటుందని జయపాల్ దానికి తువ్వాలు చుట్టి, వైరు సాగినంత దూరం లాగాడు. తర్వాత జయపాల్‌నే అనుమానించారు, అతనికి జలుబు. చెయ్యని నేరం ఒప్పుకున్నట్టు అతను ముక్కు మూసుకుని కూర్చున్నాడు. మళ్ళీ ఊదాడు.

ఒక్కొక్క నిర్దోషినీ గదిలోంచి పంపించేస్తుంటే యెహెజ్కేలు చొక్కా వీపుకి అంటుకుపోయింది. ప్రతిసారీ మొదణ్ణించి ఊదవలసి వచ్చేది. ప్రతిసారీ ఊపిరి ఇంకొంచెం తగ్గేది, పార ఇంకొంచెం లోతుకి దిగేది. నాలుగోసారికి దేవుడి పేరు రెండుచోట్ల విరిగింది. తెరిచిన తలుపు సందులోంచి అరుగు మీద సంపూర్ణమ్మ వీపు కనిపిస్తోంది. ఆవిడ ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

గదిలో ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. గంగరాజు స్టాండు దగ్గరికొచ్చి, ఊరికే ప్రయత్నిద్దాం అన్నట్టు, మైకుని కిందికి దించి గరాటు ముందు పెట్టాడు. "ఇలా ఒకసారి ఊదు అన్నయ్యా."

ఊదాడు. విన్నారు. పార శబ్దం లేదు. పాటా లేదు. కిందిస్వరం ఒక్కటీ గుమ్మని మోగి, మిగతాదంతా గోడకి అవతల ఎవరో ఊదుతున్నట్టుంది.

మైకు కిందికి దిగితే చప్పుడు పోయింది. అంటే చప్పుడు పైనుంచి వచ్చింది. పైన ఉన్నది ఒక్కటే, ఊదేవాడి నోరు. ఆ లెక్క గదిలో అందరికీ ఒకేసారి తెలిసినట్టుంది. అందరూ ఒకేసారి ఎటో చూశారు. జయపాల్ ముక్కు మీద నుంచి చెయ్యి తీశాడు.

గంగరాజు చాలాసేపు టేప్‌రికార్డరు మీటల వంక చూశాడు. తర్వాత తల ఎత్తకుండా, "ఇలా పంపిద్దాం," అన్నాడు. "పర్లేదు. వాళ్ళకేం తెలుస్తుంది. చప్పుడైతే లేదు కదా."

అది అతని మంచితనం. యెహెజ్కేలుకి అర్థమైంది. ఈ కేసెట్టు ఇలాగే వెళ్ళొచ్చు. తొమ్మిది రోజులు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఎలా ఉన్నా తను ముందువరసలో ఉంటాడు. గదిలో అయిదుగురూ తనకోసం చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్కసారి తల ఊపితే చాలు. రెండేళ్ళు, మూడేళ్ళు. డాక్టరు చెప్పింది నిజమైతే ఒక్క శివరాత్రి.

"ఏదీ, ఇంకోసారి వెయ్యి," అన్నాడు జయపాల్‌తో.

జయపాల్ వేశాడు. గోడ అవతలి మనిషి ఊదాడు. యెహెజ్కేలు తల వంచి చివరిదాకా విన్నాడు.

"ఇది క్లారినెట్టు కాదు," అన్నాడు.

మైకు స్టాండుని మళ్ళీ పైకి లాగి, బిగించి, దాన్ని గంగరాజు కుర్చీ వైపు తిప్పాడు.

"ట్రంపెట్టుతో ఎత్తుకో గంగరాజూ. రెండడుగులు వెనక్కి కూర్చో, లేకపోతే మోత పగులుతుంది. మెల్లగా ఊదు, ఇది పట్టుకుంటుంది."

యెహెజ్కేలు క్లారినెట్టు విప్పి, ముక్క ముక్కా గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకుంటున్నంతసేపూ జయపాల్ అవసరం లేకపోయినా టేపు తిప్పుతూ కూర్చున్నాడు. గంగరాజు గుమ్మం దాకా వచ్చాడు. ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా అని అడిగాడు. ఆర్నెల్లని చెప్పాడు. గంగరాజు బుగ్గలు రెండుసార్లు ఉబ్బి దిగాయి. శివరాత్రికి కోటు వేసుకుని ముందువరసలో ఊరికే నిలబడు, ఎవరడుగుతారు అన్నాడు.

"ఊరికే నిలబడ్డానికి గుర్రం ఉందిగా," అన్నాడు యెహెజ్కేలు. గంగరాజు నవ్వబోయి నవ్వలేకపోయాడు.

సంపూర్ణమ్మ అప్పటికే అరుగు దిగి, చెప్పులు తొడుక్కుని నిలబడి ఉంది. ఇంకా ఎండ ఉంది. ఇద్దరూ కాలవగట్టు వైపు నడిచారు. ఆవిడ సంచి అందుకోబోయింది, అతను ఇవ్వలేదు. కొంచెం దూరం పోయాక అడిగాడు.

"షాపులోనే వినపడిందా నీకు?"

"వినపడింది."

"మెట్ల మలుపులోకి?"

"మెట్ల మలుపులోకే."

"మరి అదే కొనమన్నావు."

ఎదురుగా సైకిలు మీద గడ్డిమోపు వస్తుంటే సంపూర్ణమ్మ పక్కకి తప్పుకుని, అది వెళ్ళేదాకా ఆగింది.

"ముప్ఫై ఏళ్ళ నుంచి పక్కన పడుకుంటున్నాను. నాకు ఇవాళ తెలియాలేంటండీ?" అంది. "నాకు తెలిస్తే మీరు మానేస్తారా. రీడంటారు. వాళ్ళకి వినపడాలి."

అతనికి కోపం వచ్చింది. ఒళ్ళంతా వేడెక్కి, చెవుల్లో హోరుమంది. ఏదో గట్టిగా అనాలని నోరు తెరిచాడు. తూము దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందక ఆగిపోయాడు. కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. చదవడానికి అక్కడ ఏమీ లేదు. ఎగిరెగిరి పడుతున్న భుజాన్ని ఈసారి దాచుకోలేదు. సంపూర్ణమ్మ పక్కనే నిలబడి, అతని చేతిలోంచి సంచి తీసుకుంది. ఈసారి ఇచ్చాడు.

వెనక నుంచి ట్రంపెట్టు మొదలైంది. మెల్లగా ఊదడం గంగరాజుకి అలవాటు లేదు. రెండుసార్లు తప్పి, మూడోసారి సాకీ దొరకబుచ్చుకున్నాడు. దేవుడి పేరు దగ్గర యెహెజ్కేలు చూపుడువేలు స్తంభం మీద ఒకసారి కదిలింది. పేరు విరగకుండా దాటింది. అతను తల ఊపాడు, ఎవరి కోసమో తనకే తెలియకుండా.

"బొంత మర్చిపోయాం," అన్నాడు కాసేపటికి.

"ఉండనీండి. వాళ్ళ పని అవ్వాలి కదా."

ఇద్దరూ మళ్ళీ నడవడం మొదలుపెట్టారు, పదేసి అడుగులకి ఒకసారి ఆగుతూ.

గంగరాజు గదిలో తూర్పుగోడకి, నాలుగు మేకుల మీద, సంపూర్ణమ్మ పాత వాయిలు చీరల బొంత వేలాడుతోంది. కింది అంచున ఒకచోట కుట్టు ఊడి బయటికొచ్చిన తెల్లటి దారప్పోగు, మూసిన కిటికీల మధ్య, ట్రంపెట్టు పలికినప్పుడల్లా సన్నగా అదురుతోంది.